గంటకి ముప్పై

నిండు సీసా అర లీటరు.
దాన్ని తిన్నగా లోవకుమారి చేతికి తగిలించను.
మధ్యలో గీతలున్న సన్నటి గొట్టం ఒకటి వేలాడదీసి
ముప్పై గీత దాకా నింపి
పై చక్రం బిగించేస్తాను.
పన్నెండు కిలోల పిల్లకి ఇవాళ్టి లెక్కలో
అది ఒక గంట.
అయ్యాక మళ్ళీ వస్తాను, మళ్ళీ ముప్పై.

"ఏటి సిస్టరమ్మా, పక్క మంచపోడికి గబగబా ఎక్కతంది.
మా పిల్లకేనా పిసినారితనం?"
ఎల్లాజీ.
పక్క మంచం వాడిది పద్నాలుగేళ్ళ ఒళ్ళు, అన్నాను.
కోత పడి నొప్పిలో ఉన్న ఒళ్ళు
నీళ్ళని బయటికి వదలదు, దాచుకుంటుంది,
పిసినారి నేను కాదయ్యా, అది.
అతను వినలేదు. సీసా వంకే చూస్తున్నాడు.
బలమంతా అందులోనే ఉందని అతని నమ్మకం.

పరదేశమ్మ వేరే అడిగింది.
"అందులో ఉప్పేసినారా?"
పెదజాలారిపేటలో ఎండుచేపకి ఉప్పు పట్టించే చేతులు,
గోళ్ళ చుట్టూ తెల్లగా పగుళ్ళు.
వేశారు, నెత్తుట్లో ఉన్నంత. చిటికెడు పంచదార కూడా.
"ఉప్పు సాలకపోతే సరుకు ఉబ్బిపోద్ది"
తనలో తను అనుకుంది.

నా చెయ్యి చక్రం మీదే ఆగిపోయింది.

పదిహేడేళ్ళ కిందట, ఇదే కొండవాలు ఆసుపత్రి,
గీతల గొట్టాలు అయిపోయాయని
ఒక బాబుకి సీసా తిన్నగా తగిలించాం.
తియ్యటి నీళ్ళు. ఉప్పు పేరుకే.
తెల్లారుజామున తలనొప్పన్నాడు, కక్కుకున్నాడు,
తర్వాత పిలిస్తే పలకలేదు.
మత్తు ఇంకా దిగలేదనుకున్నాం.
మత్తు కాదు,
లోపల మెదడు నానుతోంది.
డ్యూటీ పుస్తకంలో ఆ రాత్రి కింద
నా సంతకం ఉంది, గుండ్రంగా, నీటుగా.

రెండు గంటలకి నింపి వెళ్ళాను.
డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్ వెలుగు కిటికీ తుడిచి పోతోంది,
రెండు సెకన్లకో చుక్క,
హార్బరులో ఏదో ఓడ దగ్గుతోంది.
రెండూ నలభైకి వచ్చి చూద్దును కదా
గొట్టం ఖాళీ.
కింది చక్రం బార్లా తీసి ఉంది.
మంచం కింద ఎల్లాజీ
దొంగ నిద్ర కూడా చేతకాని మనిషి.

తిట్టబోయాను.
పై చక్రం నేను బిగించినట్టే ఉంది.
అంటే పిల్లలోకి ఒక్కసారిగా పోయింది
మిగిలిన ఇరవై మిల్లీలీటర్లు,
ఉగ్గుగిన్నెడు కూడా కాదు.
నాలుగు వందలు పైనే, సీసాలోనే
తండ్రి ప్రేమకి అందనంత ఎత్తులో.

"లోవా" అన్నాను చెవి దగ్గర.
"దాహం" అంది విసుగ్గా.
ఆ విసుగు ఎంత బాగుందో.
తడి దూదితో పెదాలు అద్ది
డాక్టరమ్మకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.
రాసుకోండి, ఆ గంట ఇక పొయ్యకండి, అంది.
మూడున్నరకి నెత్తురు తీసి ఉప్పు పరీక్షకి పంపాం.

అయిదింటికి పిల్ల గుడ్డ తడిపింది.
తూకం మిషన్ కోసం వెతుకుతుంటే
పరదేశమ్మ ఒక చేత్తో తడి గుడ్డా
ఇంకో చేత్తో పొడి గుడ్డా పట్టి
కళ్ళు మూసుకుంది.
"డెబ్బై గ్రాములు ఎక్కువుంటాది."

మిషన్ డెబ్బై రెండు చూపింది.
నేను డెబ్బై రెండే రాశాను.
"తడి సరుకు కదా, రెండు అటూ ఇటూ" అంది
ఆవిడ, బేరంలో తగ్గినట్టు.