ఆస్తి షెడ్యూలు

రిజిస్ట్రార్ ఆఫీసు గేటుకి ఎదురుగా
నేను పనిచేసే జెరాక్స్ కొట్టు.
పొద్దుట పదికి మిషను వేడెక్కితే
సాయంత్రానికి విజయనగరం సగం
నా చేతుల మీదుగా చేతులు మారుతుంది.

తూర్పు: కోరాడ వారి జీడితోట.
దక్షిణం: ముప్పై అడుగుల రోడ్డు.
పడమర: ప్లాటు నంబరు నలభై ఏడు.
ఉత్తరం: గెడ్డ.

ఆ గెడ్డలో చిన్నప్పుడు
గావంచా అడ్డుపెట్టి పరిగలు పట్టాను.
ఇప్పుడు దాని గట్టు గజం పద్దెనిమిది వేలు.
కాగితం తిరగేసి రెండోవైపు తీస్తాను.
"ఎంతమ్మా?"
"నాలుగు రూపాయలు."

ఒక్కోసారి అమ్మినవాళ్ళు
వేలిముద్ర సిరా జుట్టుకి తుడుచుకుంటూ
నా బల్ల దగ్గరే నిలబడిపోతారు,
ఇప్పుడు ఎటు వెళ్ళాలో
ఆ కాగితంలో రాసుందేమో చూడమన్నట్టు.

మొన్న ఒకటో తారీఖున
ఇంటిగలాయన సూర్రావు గారు మెట్లు దిగొచ్చారు.
చెప్పులేసుకోలేదు, అంటే మాట ఎక్కువసేపు పట్టదని.
"ఏటి సేత్తాం తల్లీ, ఎయిర్‌పోర్టు వచ్చీసింది కదా,
అందరూ పెంచీసినారు. ఏడు కాదింక, పదకొండు."
చెడ్డవాడని అనలేను.
పాపకి డెంగీ వచ్చిన రాత్రి
ఆయన స్కూటరు మీదే ఆస్పత్రికెళ్ళాం.
అది గుర్తొచ్చి నాకు నోరు పెగల్లేదు.
గుర్తొచ్చే కాబోలు, ఆయనా నా మొహం చూడలేదు.

మా ఆయన గౌరీసు పెళ్ళిళ్ళకి లైటింగు కడతాడు.
ముహూర్తాలుంటే మా ఇంట్లో చేపలకూర,
మూఢం వస్తే చింతపండు చారు.
అద్దెకి మాత్రం మూఢం రాదు.

రాత్రి తిన్నాక నేలమీద కూర్చుని
తవిటినాయుడు పంచిపెట్టిన రంగుల బ్రోచరు
బోర్లించి లెక్కలు వేశాం.
ముందువైపు ఎవరో దొరల కుటుంబం
గడ్డిలో నవ్వుతోంది.
వెనకవైపు మేము.

కొత్తవలస: వైజాగు ఎప్పుడో వచ్చి కూచుంది. కొట్టేశాం.
గజపతినగరం: చవకే. కానీ లైట్లు విప్పి
ఈయన బయల్దేరేది రాత్రి రెండింటికి.
గరివిడి: మా ఆడపడుచు పక్కిల్లు ఖాళీ.
అది చవకో ఖరీదో తేల్చుకోలేక
ఇద్దరం కాసేపు నవ్వాం.
నెల్లిమర్ల: నాలుగున్నర వేలు. నాకు బస్సు ఉచితం.
ఈయనకి పెట్రోలు పద్నాలుగు వందలు.
మిగిలింది మిగిలినట్టే, అన్నాడు గీత గీసి.

పడుకుందనుకున్న హిమజ
దుప్పట్లోంచి అడిగింది:
"ట్యూషనయ్యాక బస్సు దిగి
ఇంటికి ఎంత దూరం నాన్నా?
మధ్యలో లైట్లుంటాయా?"

ఊరంతటికీ దీపాలు కట్టే మనిషి
పెన్నుకి మూత పెట్టాడు, తీశాడు, పెట్టాడు.
మా లెక్కలో చీకటికి గడి లేదు.

ఆదివారం వెళ్ళి చూశాం.
రెండు గదులు, రేకుల వంటిల్లు,
బస్సు దిగాక నాలుగొందల ముప్పై అంగలు.
నేను లెక్కపెట్టాను.
సగం దారిలో స్తంభం ఉంది, బల్బు లేదు.
గౌరీసు తలెత్తి చూశాడు,
పనివాడు చూసినట్టు.

"మిల్లు కూతేసినన్నాళ్ళూ
ఈ గదులు ఖాళీ ఎరగవమ్మా" అంది పారమ్మ.
"ఎన్నాళ్ళుంటారేటి?"
చెప్పలేకపోయాను.
వీధి చివర ఇద్దరు కుర్రాళ్ళు
టేపు చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు.
"ఇంకా లాగరా" అంటున్నాడు ఒకడు.

అయినా అడ్వాన్సు ఇచ్చాం.

ఇవాళ పదకొండు నెలల అగ్రిమెంటు
నా మిషను మీదే పెట్టాను.
తూర్పు: మిల్లు గోడ.
దక్షిణం: రైలు కట్ట.
పడమర: పారమ్మ ములగచెట్టు.
ఉత్తరం: దారి.
మూత దించితే వెలుగు
ఆ చివర నుంచి ఈ చివరకి
కాగితం కింద నడిచి వెళ్ళింది.
నాలుగు రూపాయలు గల్లాలో వేసి
"తరవాత ఎవరండీ?" అన్నాను.