నలభై ఏడో నంబరు కేసెట్టు

తయారీ మానేసి ఇరవై ఏళ్ళు దాటిన పెట్టె ఇది.
కంపెనీ లేదు, సర్వీసు సెంటరు లేదు,
గవర్నరుపేటలో దీని బొమ్మ వేసిన గోడమీద
ఇప్పుడు మోకాళ్ళ నొప్పులకి మందు.

సత్యనారాయణపురంలో రైలుకట్టని ఆనుకున్న సందులో
మా బావ పిచ్చేశ్వరరావుకి టీవీ గేముల కొట్టుండేది.
గంటకి ఆరు రూపాయలు.
ఇంటికి పట్టుకెళ్తే రోజుకి పది, డిపాజిట్ ఇరవై.
రిజిస్టరు రాయడం నా పని,
ఆడకపోతే కేసెట్టు అంచుకి పెదవులానించి ఊదడం కూడా.

ఏడుంబావుకి గుడివాడ పాసింజరు.
బల్ల అదిరేది, బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగేది,
పదో అంచెలో ఉన్నవాడు లబోదిబోమనేవాడు.
అందుకని కూత వినపడగానే వెళ్ళి
కేసెట్టు మీద బొటనవేలు అదిమిపట్టి
గార్డు పెట్టె దాటేదాకా నిలబడేవాణ్ణి.
ఆ వేలికి వేరే జీతం లేదు.

మొన్న అటక దులుపుతుంటే సంచి దొరికింది.
తుపాకులవి, కుస్తీలవి, కార్లవి
ఎవరెవరి జేబుల్లోనో ఎప్పుడో వెళ్ళిపోయాయి.
ఎవరూ అడగనివి మాత్రం
నంబర్లతో సహా భద్రంగా ఉన్నాయి.

స్పిరిట్లో దూది ముంచి ఇత్తడి పళ్ళు తోమాను.
ఒకదాంట్లో గాలం వేసి కూర్చోవాలి, అంతే.
ఒకదాంట్లో విత్తు మొలవడానికి మూడు గంటలు,
నిజం మూడు గంటలు, మన గడియారంలోవి.
కరెంటు పోతే మళ్ళీ మొదట్నుంచి.
ఆ ఎండాకాలాల్లో బెజవాడలో
మూడు గంటలు కరెంటున్న సాయంత్రం ఏదీ?
పాపం, దాని తప్పేం లేదు.

తర్వాత నలభై ఏడు.
జపాను అక్షరాలు. ఒక ఏరు, ఒక పడవ, ఒక ముసలాడు.
ఈ గట్టు మనుషుల్ని ఆ గట్టున దించాలి.
టైము లేదు, పాయింట్లు లేవు.
"చంపడానికి ఎవడూ లేడేంట్రా" అని
పావుగంటకే తెచ్చి బల్లమీద విసిరేవాళ్ళు,
డబ్బులు వెనక్కిమ్మని బావతో తగువు.

మొన్న రాత్రి నేను కూర్చుని ఆడాను.
మేకతో ఒకావిడ, గొడుగుతో ఒకాయన,
చాపచుట్టతో ఇద్దరు పిల్లలు.
దించుతూ దించుతూ ఉంటే చీకటి పడింది.
అవతలి గట్టున లాంతరు వెలిగింది,
ఇవతల ఒక్క మనిషే మిగిలింది, చంకలో పసిబిడ్డ.
ఎక్కించబోతే పడవ మునిగినట్టు ఊగి ఆగిపోతుంది.
ఏ మీట నొక్కినా అంతే.
ఇరవైసార్లు ప్రయత్నించి, విసిగి, రిజిస్టరు తెరిచాను.

నలభై ఏడు పట్టుకెళ్ళినవాళ్ళలో
ఒక పేరే మళ్ళీ మళ్ళీ వచ్చింది. పదకొండు సార్లు.
బి. దయామణి, రైల్వే క్వార్టర్స్.
రాసింది నేనే. మనిషి మాత్రం ఎంత తలుచుకున్నా
ముఖం రావట్లేదు,
కౌంటరు మీద పెట్టిన చిల్లర నాణేలు వస్తున్నాయి,
అన్నీ పావలాలు.
పదకొండోసారి పక్కన, మార్జిన్లో,
నాది కాని దస్తూరీ, పెన్సిలు:
"సెలెక్టు నొక్కితే ముసలాయన దిగుతాడు."

ఆ మీటతో ఎవరికీ ఎప్పుడూ పని పడలేదు,
దాని మీద రంగు కూడా పోలేదు.
నొక్కాను.
దిగాడు. తెడ్డు ఆమె చేతికిచ్చాడు.
ఆమె ఎక్కింది, పడవ తనంతట తానే కదిలింది.
ముసలాడు గట్టున కూర్చున్నాడు.
పాట లేదు, "మీరు గెలిచారు" అని లేదు,
నీళ్ళు పారుతూనే ఉన్నాయి.

ఆ కిటికీలోంచి ఇప్పుడు పట్టాలు కనపడవు,
పీకేసి వెడల్పాటి రోడ్డేశారు.
బొమ్మ అదిరే భయమే లేదు.
అయినా అదేంటో,
ఎప్పుడు వెళ్ళిందో, నా బొటనవేలు
కేసెట్టు మీదే ఉంది.
తియ్యబుద్ధి కాలేదు,
లాంతరు దగ్గరికి పడవ ఇంకా చేరలేదు.