అరువు సూర్యుడు

నవంబరు ఇరవై ఆరు.
హామర్‌ఫెస్ట్‌లో సూర్యుడు పోయి ఐదు రోజులైంది.
అది మామూలే, ఊరందరికీ తెలిసిన సెలవు.
జనవరి మూడో వారం దాకా రాడు.
గున్వోర్ ఇంట్లో మాత్రం రెండో సూర్యుడు కూడా పోయాడు.

సంచీలోంచి తీసి నా కౌంటర్ మీద పెట్టింది:
పలక లాంటి తెల్లటి దీపం.
పొద్దున్నే అరగంట ఎదురుగా కూచుంటే
మనసు గడ్డకట్టకుండా కాపాడేది.
"మూడుసార్లు కన్నుకొట్టి పారిపోతోంది" అంది.

నా కంప్యూటర్‌కి ఆనించి నాకూ ఒకటుంది
అలాంటిదే, షాపుది. వెలుగుతూనే ఉంది.
ఆమె దాన్ని చూసింది.
నేను చూపు తిప్పుకున్నాను.

రిటర్న్స్ కౌంటర్‌కి ఒక పాఠం ఉంది,
చేరిన రోజే బట్టీ పట్టిస్తారు.
కింద పడిందా అని అడుగు.
తడి తగిలిందా అని అడుగు.
కాసేపాగి, మొహం మార్చకుండా,
కింద పడిందా అని మళ్ళీ అడుగు.
రసీదు అడుగు. ఉంటే తేదీ చూడు.
చూసి నిట్టూర్చు.
ఆ నిట్టూర్పు వాళ్ళ పక్షాన ఉన్నట్టు వినపడాలి.

అడిగాను.
రసీదు ఇచ్చింది. మడత విప్పితే
మంచు పడిన పొలం, ఒక్క అక్షరం లేదు.
ఆ కాగితం జాతే అంత, వారంటీకన్నా ముందే పోతుంది.
అందుకే బ్యాంకు కాగితం కూడా తెచ్చింది,
ఒక వరస కింద పెన్సిల్‌తో గీత గీసి.
మూడేళ్ళ రెండు నెలలు.

"కంపెనీ వారంటీ రెండేళ్ళేనండీ" అని
నిట్టూర్చాను. బాగానే కుదిరింది.

గున్వోర్ ముప్పైయొక్క ఏళ్ళు చేపల ఫ్యాక్టరీలో
బెల్టు పక్కన నిలబడిన మనిషి.
కదిలిపోయే కాడ్ ముక్కల్ని
అడుగు నుంచి వచ్చే వెలుతురులో చూసి
పురుగున్నదాన్ని పక్కకి విసిరేసిన చెయ్యి ఆమెది.
నా వాక్యాన్ని కూడా అలాగే పైకెత్తి చూసింది.
"వారంటీ మీరిచ్చే కానుక బాబూ,
కానుకకి గడువు మీ ఇష్టం.
నేను అడుగుతున్నది కానుక కాదు."

నీళ్ళు నమిలాను.
తడి తగిలింది ఎవరికో అప్పుడు తెలిసింది.

గొంతు పెంచలేదు ఆమె.
చాలాకాలం మన్నాల్సిన వస్తువుకి ఐదేళ్ళంది.
అమ్మినవాడిదే బాధ్యతంది,
ఎక్కడో కూచుని తయారుచేసినవాడి వైపు నన్ను తోలకంది.
ఒక్కో ఏడాదికీ ఒక్కో వేలు మడిచింది.
ఐదో వేలు సగమే ఉంది, మిగతాది బెల్టు తీసుకుంది.
"ఇదీ లెక్కలోకే వస్తుంది."

నాకు తెలియక కాదు.
పాఠంలో లేదు కనక నోట్లో లేదు, అంతే.

ఫారం తీశాను.
‘వాడుకలో దెబ్బతిన్నది’ అన్న గడిలో
మా దగ్గర టిక్కు ముందే ప్రింటయి వస్తుంది.
కొట్టేశాను. పెన్ను కాగితాన్ని కాస్త చింపింది.
ఓస్లో వర్క్‌షాపుకి పంపాలి, ఎనిమిది వారాలు పడుతుందన్నాను.
"ఎనిమిదా!" నవ్వింది.
"అప్పటికి అసలువాడే వచ్చేస్తాడుగా,
రసీదు అడక్కుండా."

బస్సుకి టైమైందని మఫ్లర్ చుట్టుకుంటోంది.
అప్పుడు వచ్చింది నా నోట్లోంచి
ఎవరూ నేర్పని మాట:
రిపేరు వారం దాటితే
అంతదాకా వాడుకోవడానికి ఇంకోటి, మా ఖర్చు మీద.
"అడగొచ్చా?"
అడగండి.
అడిగింది. మర్యాదగా, పూర్తి వాక్యంలో.

నా పక్కనున్న దీపం ప్లగ్గు పీకాను.
వైరు చుట్టి ఆమె సంచీలో పెట్టాను.
అరువు కాగితం మీద
‘ఒక సూర్యుడు’ అని రాయాలనిపించింది.
సీరియల్ నంబరు రాశాను.

తలుపు తెరుచుకుంది, మూసుకుంది.
మధ్యాహ్నం రెండు. కిటికీలో కాసేపు నీలం,
తర్వాత నీలం కూడా లేదు.
మేనేజర్ ఓద్వార్ వచ్చి
ఇక్కడింత చీకటేమిటన్నాడు.
దీపమున్న చోటు చూశాడు.
"కింద పడిందా?" అన్నాడు.
కాసేపాగి, మొహం మార్చకుండా,
మళ్ళీ అడిగాడు.