పేరు రాయని సంచులు

కౌనస్‌లో మందుల దుకాణంలో పదకొండేళ్లు చేశాను.
ప్రతి సీసాకీ ఒక పేరు, ఒక గడువు తేదీ,
పిల్లలకు అందకుండా ఉంచమని ఒక వాక్యం.

పెళ్లయి ఈ అడవి అంచుకొచ్చాక
మా అత్త తెక్లే నన్ను అటకెక్కించింది.
దూలానికి వరసగా కాగితపు సంచులు,
ఒక్కదాని మీదా అక్షరం లేదు.

"దగ్గుకేది?" అన్నాను.
ముక్కుకి ఆనించుకుంటూ వెళ్లి మూడోది తీసింది.
లిండెన్ పూలు, తేనెరంగు తిరిగి, ఎండి గలగలమంటూ.
నాలుగోది కడుపునొప్పికి. అయిదోది
"నీకింకా అక్కర్లేదు" అని మళ్లీ మూతి కట్టేసింది.

ఆ చలికాలమంతా కూచుని
అన్నిటికీ చీటీలు అంటించాను, గుండ్రటి అక్షరాలతో.
ఒక చీటీని వేలితో తడిమి "జిగురు బాగుంది" అంది.
అప్పటికే ఆవిడ కళ్లలో పాలు పోసినట్టు మసక.
నాకు తెలియదు.

మే నెలలో ముట్టుకుంటే మండే ఆకు.
నేను చేతొడుగులేసుకున్నాను.
ఆవిడ వట్టి చేత్తో, కింది నుంచి పైకి,
పిల్లి ఒళ్లు నిమిరినట్టు దువ్వి తెంపేది.
ఆ ఆకు చారులో ఉడికిన గుడ్డు చిదిపి వేస్తే
వైదోతాస్ నా వంట మొదటిసారి మారు అడిగాడు.

అడవిలో ఆవిడ ముందు, నేను వెనక.
ఆవిడ బూట్లు దిగిన నాచుగుంటల్లో నా కాళ్లు.
పసుప్పచ్చటి వాటిని ఇక్కడ ఉడుతపిల్లలంటారు,
వానవెలిసిన మూడోరోజుకి గుంపుగా దిగుతాయి.
గోధుమరంగు పెద్ద టోపీది కనిపిస్తే మాత్రం
ఆవిడ ఆగి, గొంతు తగ్గించి పలకరించేది,
చుట్టం దిగినట్టు.
"ఈ చోటు ఎవరికీ చెప్పకు. వాడిక్కూడా."
వాడంటే కొడుకే.

సెప్టెంబరు పద్నాలుగు.
బుట్ట ఒళ్లో పెట్టుకుని బాగుచేస్తున్నాను.
ఉప్పు జల్లి పొయ్యి మీద కాల్చుకు తినే
పచ్చటోపీల మధ్య ఒకటి,
అదే లేతపచ్చ,
కానీ కాడకి తెల్లటి చిన్న పావడా.
మొదట్లో తిత్తి ఉందేమో చూద్దామంటే
కాడ సగానికి కోసి ఉంది.
మట్టిలో వేలు పెట్టి తడమకుండా
ఆవిడ ఏనాడూ చాకు ఆనించలేదు.
వేళ్లు మొద్దుబారాయా,
వెనక నేను చలి చలి అని సణుగుతుంటే తొందరపడిందా?

ఈగల్ని చంపేది అని దీని కుటుంబానికి పేరు.
ఈగలతో ఆగేది కాదు.
తిన్నవాడు ఆ సాయంత్రం హాయిగా కబుర్లు చెబుతాడు,
అదీ దాని మోసం.

పెరటి వెనక గొయ్యి తవ్వాను.
ఒక్కటి తీసేస్తే సరిపోదా అనిపించింది,
నాలుగు కిలోలు, రెండు నడుముల నొప్పి.
బుట్టంతా బోర్లించేశాను.
చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.

రాత్రి ఉడికించిన బంగాళాదుంపలు, సోయికూర, మీగడ.
"పుట్టగొడుగులేవీ?" అన్నాడు వైదోతాస్.
"పురుగు పట్టాయి" అన్నాను.
తెక్లే దుంప తొక్కని ఒకే రిబ్బనుగా తీస్తూ,
అది తెగకుండా చివరిదాకా వచ్చాక,
"చలి మొదలైతే పురుగు తక్కువ" అంది.
అంతే. మీగడ గిన్నె నా వైపు జరిపింది.

తెల్లారి, పొగమంచులో గుమ్మం దగ్గర
బూట్లేసుకుని నిలబడి ఉంది.
అలవాటుగా పక్కకి తప్పుకున్నాను.
ఆవిడ కదల్లేదు.
"నడువు" అంది.
నా కోటు బెల్టు వెనక నుంచి పట్టుకుంది.

"ఎడంపక్క బర్చ్ కింద ఏమైనా ఉందా?"
"ఉంది. గోధుమరంగు టోపీ. మీ చుట్టమే."
"అడుగున రేకులా, స్పాంజా?"
"స్పాంజే."
"రంగు?"
"తెలుపు." వంగాను. "కాదు, కొంచెం గులాబీ."
"నాలిక్కొసకి తాకించి ఉమ్మెయ్."

చేదు. కాకరగింజ నమిలినంత.
ఉమ్మినా పోలేదు, మధ్యాహ్నందాకా పోలేదు.
వెనక నుంచి బెల్టు చిన్నగా ఊగింది,
నవ్వుతున్నట్టుంది.

"ఇంక దీన్ని మర్చిపోవులే" అంది.