బాకీ

మా నాయిన మొగులప్ప
కోస్గి బస్టాండు ఎదురుంగ రేకుల డబ్బాల
మిషిను తొక్కెటోడు.
ఎనభై మూడుల ఒకనాడు పొద్దుమీకి
జై కిసాన్ జట్టు పోరగాండ్లొచ్చి
పచ్చబట్ట తాను బల్ల మీద పడేసిండ్రు.
పదకొండు అంగీలు, పదకొండు నిక్కర్లు.
అంగీకి ఆరు, నిక్కరుకు నాలుగు,
వీపు మీద అంకెలు ఉత్తగనే.
ఇరవై రూపాలు చేతుల వెట్టి
మిగిలిన తొంభై గెలిచినంక ఇస్తమన్నరు.

నాయినకు ఫుట్‌బాల్ తెల్వదు.
బాకీ తెలుసు.
ఆదివారం నాడు నన్ను
సైకిల్ ముంగటి కడ్డీ మీద కూసోవెట్టుకోని
హైస్కూల్ గ్రౌండుకు వసూలుకు పోయిండు.
గెలిస్తె పైసలు. అప్పుడాయనకు తెలిసిన
ఆట రూలు అదొక్కటే.
ఆఫ్‌సైడు, కార్నరు, పెనాల్టీ
తర్వాత తర్వాత మీద వడ్డయి,
మిత్తి వడ్డట్టు.

నారాయణపేటోళ్లు నాలుగు కొట్టిండ్రు.
మాకొకటి వచ్చింది, అది సుత
వాళ్లోడే కాలు జారి వాళ్ల గోల్లకే తన్నుకున్నడు.
నాయిన లేచి నిలవడి సప్పట్లు కొట్టిండు.
"ఎవడు కొడితేంది, జమ జమనే."

మళ్ల ఆదివారం పోయినం.
ఆ మీది ఆదివారం సుత.
తుమ్మముల్లు దిగి బాల్ సుయ్యిమన్నప్పుడు
నాయిన మోకాండ్ల మీద కూసోని
చెప్పులు కుట్టె దబ్బనం అడుక్కొచ్చి కుట్టిండు.
ఖాతా బుక్కుల ఇంకో రూపాయి రాసుకున్నడు.

ఎండాకాలం రాంగనే సగం జట్టు
పూణె బస్సెక్కేది.
గోల్‌కీపర్ ఉసేనప్ప సెంట్రింగు పనికి,
ఫార్వర్డు ఆశన్న మట్టిపనికి.
పొయ్యేముందు అంగీలు ఉతికి, మడతవెట్టి
మా డబ్బాలకు తెచ్చేటోళ్లు.
"మొగులన్నా, కుదువ కింద ఉంచుకో."
వాన పడ్డంక ఒక్కొక్కడే వచ్చి ఇడిపిచ్చుకునేది.
ఒక్కోసారి ఒక అంగీ మిగిలేది.
దాన్ని నాయిన పదే పదే దులిపి పెట్టేది.

మిగిలిన ముక్కలతోని నా లంగాకు
పచ్చని అస్తరు వేసిండు.
బడిల ఆడివిల్లలు నవ్విండ్రు.
నేను ఏ జట్టో నాకు తెలువకముందే
నా తోలుకు తెలుసు.

ఏడో ఏడు కావొచ్చు,
ఉసేనప్ప పూణె నుంచి దిగి
తొంభై ఒక్క రూపాలు బల్ల మీద లెక్కవెట్టిండు,
పదుల నోట్లు, సిమెంటు వాసన.
నాయిన వాటి దిక్కు శానసేపు చూసిండు.
సొరుగు గుంజిండు, మూసిండు.
"ఖాతా బుక్కు ఇంటికాడున్నదిరా.
అచ్చే మ్యాచు నాడు చూసుకుందం."
బుక్కు ఆయన తొడ కింద ఉన్నది.
నేను కాజాలు కుట్టుకుంట చూసిన.

నాకు పెండ్లయి మక్తల్ పోయిన.
అక్కడి జట్టుకు బూట్లున్నయి, మేళమున్నది, పులావున్నది.
మా ఆయన అన్నడు, "ఇగ మా జట్టే నీ జట్టు."
ఇంటిపేరు మార్చుకున్న, కూరల పులుపు తగ్గించిన.
ఈ ఒక్కదానికి ఊ అనలె.
ఆదివారం పొద్దుగాల బస్సు టికెట్టుకు
బ్లౌజుల పైసలల్ల నుంచి తీసి పెట్టుకున్న.

నాయిన లేడు. డబ్బా లేదు, అక్కడ
మొబైల్ రీచార్జి దుకాణమున్నది.
ఇప్పటి అంగీలు పట్నం నుంచి వస్తయి,
జారుడు బట్ట, అచ్చు కొట్టిన పేర్లు.
పచ్చరంగు సుత ఆ పచ్చ కాదు.

ఇయ్యాల గట్టు మీద పక్కన కూసున్న పిలగాడు
పల్లీలు నములుకుంట అడిగిండు:
"పెద్దమ్మా, మీవోడు ఎవడన్న ఆడుతున్నడా?"
"లేడు బిడ్డా. వీళ్లు నాకు బాకీ ఉన్నరు."
"ఎంత?"
చెప్పిన. నవ్విండు. పల్లీలు నా చేతుల పోసిండు.

సున్నా, రెండు. మేమే సున్నా.
గోల్‌కీపర్ చంక కాడ కుట్టు ఊడింది,
చెయ్యి లేపినప్పుడల్ల బనీను కనవడుతున్నది.
నా కొంగుకు సూది ఉన్నది, దారం ఎక్కిచ్చే ఉన్నది.
హాఫ్‌టైముకు ఇంక ఆరు నిమిషాలు.