నక్షత్రం గుర్తు

గ్రీమ్స్‌పేటలో నా ఫ్లెక్సు అంగడి.
పుట్టెంటికలకూ, ఓణీలకూ, కర్మంతరానికీ
చదరపు అడుగుకు ఇంతని ఒకటే రేటు.
ఏడుపుకు జాస్తి లేదు, నవ్వుకు తగ్గింపు లేదు.

ఆ పొద్దు గుణశేఖరం వచ్చినాడు,
అభయ క్లెయిము సేవ అంట.
ఇరవై అడుగులకు పది.
"ఫ్యాక్టరీలో దెబ్బ తగిలిందా?
పది లక్షలు మీవే!
గెలిస్తేనే ఫీజు!"
లక్షలు పసుపులో, మీవే ఎరుపులో.
ఆశ్చర్యార్థకం ఒకటి చాలదంటే
మూడు పెట్టినా.

బొమ్మ నెట్లో దొరికింది.
ఇనప టోపీ పెట్టుకుని, ఏ దేశపోడో ఏమో,
పదివేళ్లూ చాపి నవ్వతా ఉండాడు.
"దెబ్బ తగిలినోడు గదా సార్ ఉండాల్సింది?"
"ఏడుపు చూసి ఎవుడొస్తాడప్పా!"

పది లక్షల నెత్తిన
చిన్న నక్షత్రం పెట్టమన్నాడు.
దాని జత నక్షత్రం కింది అంచున,
కట్టెకు మేకులు కొట్టే చోట:
షరతులు వర్తిస్తాయి, వచ్చినదాంట్లో నూటికి నలభై,
కాయితాల ఖర్చు ముందుగా.
"ఏం సైజు సార్?"
"చీమ చదువుకునేంత."
పెట్టినా.
మాట ఆయనది, మసి నాది అనుకున్నా.

మురకంబట్టులో ఒకటి కట్టినారు,
బంగారుపాళ్యం మలుపులో ఒకటి,
ఇంకొకటి పెద్దాస్పత్రి గేటుకు ఎదురుగా.

మామిడి సీజను.
మా వెనక వీధి మొగిలీశ్వరి
గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
తోతాపురి టెంకలు ఊడ్చే మిషన్లో
కుడిచేతి వేళ్లు మూడు.
ఆస్పత్రి మంచం మీంచి చూస్తే
కిటికీలో ఆకాశం లేదు,
నా ఎరుపూ పసుపూ.

అయిదో తరగతి చదువు.
కూడబలుక్కుని చదివింది, పెద్దక్షరాలు.
కమ్మలు కుదవ పెట్టి
కాయితాలకని ఎనిమిది వేలు కట్టింది.
ఎడమ బొటనేలితో ముద్ర వేసింది.
ఏడాదికి లక్షా చిల్లర వచ్చింది.
ఆయన వంతు పోను, వడ్డీ పోను,
చేతికి ఎంత మిగిలిందో.
ఏ చేతికి అని అడగద్దండి.

అచ్చేసింది నేనని ఆమెకు తెలీదు.
నేనే పోయి చెప్పినా.
ఏదో అంటాదని నిలబడినా.
"ఆ చుక్క నువ్వే పెట్టినావా అబ్బోడా?
దిష్టికేమో అనుకున్నా" అన్నింది.

తరవాత ఎవురో అర్జీ పెట్టినారు.
లేబరాఫీసరు ఫర్హానా మేడమ్
స్టీలు స్కేలు తీసుకుని నిచ్చెనెక్కింది.
ఆశ మూడడుగులు.
షరతు పావంగుళం.
రాసుకుని దిగింది.
ఇంక మీదట ఆశ ఎంత పొడుగో
షరతూ అంతే పొడుగుండాలని తాకీదు.
ఆ తాకీదు బోర్డులూ నా అంగట్లోనే వేసినారు;
బిల్లు ఇంకా ట్రెజరీలో ఉండాది.

నెల తిరక్కముందే గుణశేఖరం మళ్లీ వచ్చినాడు.
పేరు మారింది, ఫోను నంబరు అదే.
"రూలు ప్రకారమే వెయ్యప్పా" అన్నాడు.
సరే అని కంప్యూటర్ ముందు కూర్చున్నా.
నూటికి నలభై అనేదానికి మూడడుగులు.
కాయితాల ఖర్చుకు మూడడుగులు.
రాకపోనూ వచ్చు అనేదానికి మూడడుగులు.
వేలికింత, వయసుకింత, కూలికింత అని చట్టం లెక్క కడతాదే,
దానికీ మూడడుగులు.
ఫ్లెక్సు అయిపోయింది.
పది లక్షలకు చోటు లేదు.

ఇద్దరం తెర వైపు చూస్తా కూర్చున్నాం.
అంత నిజం ఒక్క చోట
నేనెప్పుడూ అచ్చెయ్యలే.

"వద్దులే. వేలూరులో వేయించుకుంటా."
టీ సగం తాగి పోయినాడు.
అద్దె రెండు నెలలు బాకీ; పిలవాలనిపించింది గానీ
నోరు రాలే.

ఊడబీకిన పాత ఫ్లెక్సును
మండీ వాళ్లు కాయల మీద కప్పుకున్నారు.
నిన్న వాన.
టోపీ మనిషి తడస్తా నవ్వతానే ఉండాడు,
పదివేళ్లూ చాపి.
నక్షత్రం మడతలో పోయింది.
మొగిలీశ్వరి ఆ పక్కనే
ఎడం చేత్తో గంప ఎత్తుకుంటా
పట్ట కొస ఎగిరిపోకుండా
ఒక రాయి పెట్టి పోయింది.