ఒకటి, అయిదు, మూడు

ములుగు రోడ్డు మీద మా షెడ్డు.
రేకుల మీద రాళ్ళవాన కొట్టినా
యాకూబ్ ఉస్తాద్‌కు వినపడది.
సైలెన్సర్లు ఊడిన బండ్ల పక్కన నలభై ఏండ్లు నిలబడి
చెవులు రెండూ డీజిల్‌కే ఇచ్చేసిండు.
స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి
పిడిని పండ్ల నడుమ కరిచి పట్టుకుంటడు,
దవడ ఎముకతోని వింటడు.

కొమురెల్లి బండి వచ్చింది. ఆరు సిలిండర్ల పాత లేలాండ్.
"ఏనుమాముల మిర్చి ఎత్తుకొని నాగపూర్ పోవాలె ఉస్తాద్.
నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కంగనే
సైకిలోడు గూడ బెల్లు కొట్టి దాటిపోతుండు.
పంపు స్క్రూ రెండు సుట్లు తిప్పు, అయిపాయె."

పెదవులు చూసి అర్థం చేసుకున్నడు ఉస్తాద్.
"ఊపిరాడనోని నోట్లె
ఇంకో రెండు ముద్దలు కుక్కితె బలమొస్తదా?
నల్లగ కక్కుతడు."

ఎయిర్ ఫిల్టర్ విప్పి నేలకేసి కొట్టిన.
పత్తి పోగులు, రోడ్డు దుమ్ము,
నిరుటి మిర్చి గింజలు మూడు.
చాయ్ తెచ్చిన పిలగాడు సుత తుమ్ముకుంట ఉరికిండు.

హెడ్ బోల్టులు అంచుల నుంచి నడుమకు విప్పాలె,
మళ్ళ బిగించేటప్పుడు నడుమ నుంచి అంచులకు.
వచ్చిన తొవ్వ వేరు, పొయ్యే తొవ్వ వేరు.
లైనర్లు అద్దాల లెక్క మెరిసినయ్.
కొమురెల్లి సంబురపడ్డడు, ఎంత నున్నగున్నయో అని.
పై అంచున గోరు పెట్టి గీసిన. మెట్టు తగిలింది.
నున్నగైందంటె అరిగిపోయిందని, అన్నా.
గీతలుంటెనే నూనె నిలుస్తది.

రాడ్లు దించి తుడుస్తుంటె
కప్పుల మీద పంచ్‌తో కొట్టిన చుక్కలు బయటపడ్డయ్:
ఒక దానికి ఒకటి, రెండో దానికి రెండు.
ఉస్తాద్ బొటనవేలితో తడిమి, "నా చెయ్యే" అన్నడు.
అయిదో కప్పు మీద ఆరు చుక్కలు,
ఆరోది ఆకురాయితో గీకినట్టు.
నేనేమనలేదు.
పద్దెనిమిదేండ్ల కింద ఆ ఒక్క చుక్క కొట్టింది నేనే.
ఎడమ చెంప ఇప్పటికీ ఆ లెక్క మరవలేదు.

పదకొండు దినాలు.
కొత్త లైనర్లు, కొత్త పిస్టన్లు, షెల్ బేరింగులు.
హెడ్‌ల గాలి దారులను వంకరలు పోయేదాక గీకినం.
కాజీపేట పాత ఇనుప కొట్ల దొరికిన పెద్ద టర్బోకు
బుష్షులు మార్చి, వేలితో తిప్పి చూస్తె
ఆగనే ఆగది, పెండ్లింట్ల పిలగాని లెక్క.
బలం పెరిగితె వేడి పెరుగుతదని
రేడియేటర్ ఊడదీసి గొట్టం గొట్టం పొడిచినం.
పంపు స్క్రూ ఆఖరికి.
రెండు సుట్లు కాదు, అర సుట్టు.
అది మాత్రం ఉస్తాదే తిప్పిండు, మాకెవ్వలికీ ఇయ్యలేదు.

బడి సెలవులకు వచ్చిన సాయిలు
నోజిల్ పైపులు అందిస్తూ లెక్కబెడుతుండు:
ఒకటి, రెండు, మూడు...
"గట్ల పేలితె క్రాంక్ నడుము ఇరుగుతది బిడ్డా.
ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు.
పక్కోడు మండంగనే నువ్వు మండొద్దు."
"గిదేం లెక్క?" అన్నడు వాడు.
నాకు గూడ అప్పుడు అట్లనే అనిపించింది.

సెల్ఫ్ కొట్టినం. దగ్గింది. మళ్ళ కొట్టినం.
షెడ్డు నేల పాదాల కింద నిమ్మళంగ వణికింది.
ఉస్తాద్ చెప్పులిడిసి నిలబడ్డడు.

మూడో నాడు పొద్దుగూకినంక ఫోను.
"మూడో గేర్ల, అన్నా! ఇరువై టన్నులతోని! కిందికి దించనే లేదు!"
ఎనుక ఘాటు గాలి, దాని ఎనుక
ఒకటి అయిదు మూడు
ఆరు రెండు నాలుగు.

ఉస్తాద్ ఫోను గుంజుకొని
చెవికి గాదు, దవడకు ఆనించుకున్నడు.
కండ్లు మూసుకొని చానసేపు ఉన్నడు.
మేమందరం ఊపిరి బిగబట్టినం.

"అయిదో దాంట్ల జర సప్పుడున్నది," అన్నడు.
"వచ్చినంక పట్టుకరమ్మను."
నా దిక్కు చూడలేదు.
చూసినా చూడకున్నా
చెయ్యి దానంతలదే చెంప మీదికి పోయింది.